కరిచినదాని నోరు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక ప్రకటన వచ్చింది. "గినియా పిగ్ ఒకటి ఉచితంగా ఇస్తాం. ఆరోగ్యంగా ఉంది. కరుస్తుంది." కింద ఫొటో. పంజరం మూలకు ముడుచుకుని, ఒళ్లంతా వెంట్రుకలు రేగి ఉన్న ఒక చిన్న ప్రాణి. ఏమైందని ఎవరో అడిగారు. చిన్నప్పటి నుంచి జతగా పెరిగిన రెండింటిలో ఇది ఉన్నట్టుండి రెండోదాని మీద పడి కొరికిందట, పిల్లలు భయపడుతున్నారట. ఇక గ్రూపంతా అయ్యో అయ్యో. ఆ జాలంతా ఎవరి మీద? కొరికించుకున్నదాని మీద. నాకు ఒళ్లు మండింది. "ఆరోగ్యంగా ఉందని మీకెవరు చెప్పారు? దాని నోరు చూశారా?" అని రాశాను. ముగ్గురు నవ్వే బొమ్మలు పెట్టారు. ఈ టవర్లో గోపన్‌పల్లిలోనే పుట్టి పెరిగినదాన్ని నేనొక్కదాన్నే. నా మాటలు వీళ్లకు ఎప్పుడూ కాస్త మోటుగానే వినిపిస్తాయి.

నవ్వితే నవ్వారు. నాకు మాత్రం ఆ ఎండాకాలం గుర్తుకొచ్చి ఆ రోజు అన్నం సయించలేదు.

అప్పటి గోపన్‌పల్లి అంటే బండలు. ఏనుగంత బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, వాటి నీడన మేకలు. మా ఇంటి వెనక పెద్ద బండ మీద వడియాలు ఎండేవి. నేను కాకుల్ని తోలుతున్నట్టు కూర్చుని సగం పచ్చి వడియాలు తినేసేదాన్ని. ఆ ఏడాదే బండల్ని పేల్చడం మొదలైంది. మాదాపూర్ నిండిపోయింది, ఇక బిల్డింగులు కట్టేవాళ్లు ఇటు వస్తున్నారని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. రోజూ మధ్యాహ్నం ఒక ఈల వినిపించేది. ఈల వినగానే చిన్నవ్వ పొయ్యి మీది గిన్నెను పట్టుకునేది, అవ్వ నన్ను పట్టుకునేది. కాసేపు ఊరంతా నిశ్శబ్దం. కుక్కలు కూడా మొరిగేవి కావు. ఆ తరువాత కాళ్ల కింద నేల అదిరేది, గోడ మీది సున్నం పొడి అన్నంలో రాలేది. రోజూ జరిగేదే అయినా, ఆ ఈలకూ మోతకూ మధ్య నిశ్శబ్దానికి నేను ఎన్నడూ అలవాటు పడలేదు.

అవ్వ అంటే మా నాయన తల్లి. చిన్నవ్వ అంటే మా తాత తమ్ముడి భార్య. ఇద్దరూ తోడికోడళ్లు, మా వైపు యారాండ్లంటారు. ఇద్దరి భర్తలూ నేను పుట్టకముందే పోయారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, మా ఇంట్లో ఇమిడాయి. జొన్నరొట్టె కొట్టేది చిన్నవ్వ, కూర వండేది అవ్వ. మధ్యాహ్నం వాకిట్లో కూర్చుంటే వక్క కత్తిరించేది అవ్వ, ఆకుకు సున్నం రాసేది చిన్నవ్వ. చివర్లో ఇద్దరికీ బుగ్గన చెరో చిటికెడు తంబాకు, అంటే పొగాకు. మంచాలు కూడా పక్కపక్కనే. ఒకామె గురక పెడితే రెండో ఆమె నిద్రలోనే చెయ్యి చాచి తట్టేది.

చిన్నవ్వకు పిల్లలు లేరు. నన్ను కన్నది మా అమ్మే కానీ, నిద్రపుచ్చింది, జ్వరమొస్తే ఒళ్లో వేసుకుని కూర్చున్నది చిన్నవ్వ. ఆమె కొంగుకు ఎప్పుడూ లవంగం వాసన. ఆ వాసన లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు.

మా ఇంటి పై గదిలో కిరాయికి ఒక కడప అన్న ఉండేవాడు. మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఆదివారం పూట రాగి సంగటి కెలికి, చెనిగ్గింజల ఊరిబిండి, అదే పల్లీల పచ్చడి, నూరుకునేవాడు. నాకూ ఒక ముద్ద పెట్టేవాడు. ఒంటరితనానికి తోడుగా గినియా పిగ్గుల జతను తెచ్చుకున్నాడు. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. అతనికి బెంగళూరు బదిలీ అయినప్పుడు ఆ పంజరాన్ని తెచ్చి నా ముందు పెట్టాడు.

"పాపా, వీటిని చానా బాగా చూసుకోవల్ల. అన్నదమ్ములివి. ఒకదాన్ని ఇడిసి ఇంగోటి ఉండలేవు" అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా.

అవ్వ పంజరం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చింది. "పంది అంటరు, పంది లెక్క లేదు. ఎలుక అందామంటే తోక లేదు. గిదేం జాతే తల్లీ?"

"తోక కోసిన ఎలుకలు. గిసోంటివి ఇంట్ల వెట్టుకుంటర ఎవలన్న?" అంది చిన్నవ్వ.

అలా అన్న మనిషే మర్నాటి నుంచి కొత్తిమీర కాడలు తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఆమె కత్తిపీట ముందు కూర్చుంటే చాలు, రెండూ పంజరం చువ్వలు పట్టుకుని నిలబడి కుయ్ కుయ్‌మని ఒకటే అరుపు. "ఆగుర్రి, నా పెండ్లప్పుడు గూడ ఇంత బ్యాండు మోగలే" అనేది. నేను గరిక కోసం ఊరి పక్కనున్న యూనివర్సిటీ గోడ దూకేదాన్ని. వాచ్‌మన్ తరిమితే గడ్డి గౌనులో మూటకట్టుకుని పరుగు. రాత్రికి నల్లది, తెల్లదాని వీపు మీద గడ్డం ఆనించి పడుకునేది. వాటిని చూసి అవ్వ, "మేం గూడ గిట్లనే ఉంటం" అనేది. చిన్నవ్వ సిగ్గుపడేది.

ఆ ఎండాకాలంలో మొదట మారింది చిన్నవ్వ.

ఆ రోజు చింతచిగురు పప్పు. చిన్నవ్వ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మొహం ఎర్రబడింది. తలెను, అంటే కంచాన్ని, ఒక్క తోపు తోసింది. అది వెళ్లి గడపకు కొట్టుకుంది.

"ఇంత కారమెవలు తింటరు? నన్ను సంపనీకె చేసినవా?"

అవ్వ లేచి ఆ తలెను తీసుకొచ్చింది. "రోజేసే కారమేనే. ఇయ్యాల కొత్తగ ఎక్కువైందా?"

"రోజూ ఎక్కువే. నేనే చెప్పలే."

ఆ ఒక్క మాట అవ్వను కోసేసింది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ తన చేతి కూర తింటూ, చెప్పకుండా ఓర్చుకుందా ఈమె? అవ్వ రెండు రోజులు వంటింటి మొహం చూడలేదు.

అక్కడి నుంచి రోజుకొకటి. చిన్నవ్వ మధ్యాహ్నం వక్కాకుకు కూర్చోవడం మానేసింది. అందరితో కలిసి తినడం మానేసింది. తరువాత తీసుకుంటానని గిన్నెలో అంబలి పోసుకుని పెరట్లోకి వెళ్లేది. ఎవరైనా దగ్గరికి వస్తే కసురుకునేది. ఒకనాడు తన మంచాన్ని తానే ఈడ్చుకుంటూ కొట్టంలోకి తీసుకుపోయింది. బర్రెల్ని అమ్మేశాక ఆ కొట్టం ఖాళీగానే ఉండేది. అవ్వ వెనకాలే పోతే, "నా ఎంబడి వడకు! నీ గురకకు నాకు నిద్ర వడ్తలేదు" అని ఊరంతా వినేలా అరిచింది. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. గాలి సోకిందన్నవాళ్లు కొందరు, భూములకు రేటొచ్చిందిగా, వాటాకు ఎసరు పెట్టిందన్నవాళ్లు ఇంకొందరు. నేను ఒళ్లోకి వెళ్లబోతే రెండు చేతులతో ఆపింది. "ఆడనే నిలబడు" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

చివరికి ఒకనాడు నాయనతో చెప్పేసింది. "నేను శంకర్‌పల్లికి పోత. నా తమ్ముని దగ్గరుంట. ఈ ఇంట్ల నా రుణం తీరింది."

నాయన బతిమాలాడు. బోనాలు కానిచ్చి పొమ్మన్నాడు. సరేనంది కానీ, ట్రంకు పెట్టె మాత్రం సర్దుకుని కొట్టం గుమ్మంలో పెట్టుకుంది. స్కూలుకు సెలవులు. నేను పొద్దున లేవగానే ముందు చూసేది ఆ పెట్టె అక్కడ ఉందా లేదా అని.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరు కొట్లాడుకున్నా ఇద్దర్నీ ఒక్క తలెలో తినిపించేవారు. నాయనా, బాబాయీ చిన్నప్పుడు తలలు పగిలేలా కొట్టుకుంటే తాత అలాగే కూర్చోబెట్టేవాడట. ఒక తలెలో చెయ్యి పెట్టాక మొహం తిప్పుకుని ఎంతసేపుంటారు? అవ్వకు ఆ పద్ధతి మీద దేవుడి మీదున్నంత నమ్మకం. పెద్ద తలెలో ఇద్దరికీ సరిపడా అన్నం, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ పెట్టుకుని కొట్టంలోకి వెళ్లింది. "కారం ఎయ్యలే. రా, తిందాం" అంది. చిన్నవ్వ ఆ తలెను ఎత్తి పెరట్లోకి విసిరింది. కోళ్లు తిన్నాయి. అవ్వ అక్కడే నిలబడి ఆ కోళ్లను చూస్తూ ఉండిపోయింది.

ఆ వారంలోనే జంతువులూ మారాయి.

ఈల మోగింది, నిశ్శబ్దమైంది, బండ పేలింది. ఆ అదురు తగ్గకముందే పంజరంలోంచి ఇంకో చప్పుడు. టకటకటకమని పళ్లు కొట్టుకునే చప్పుడు. నల్లది మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, నడుం ఊపుతూ, గొంతులో గుర్రుమంటూ తెల్లదాని చుట్టూ తిరుగుతోంది. తెల్లదానికి ఏమీ అర్థం కావడం లేదు. ఎప్పటిలాగే దగ్గరికెళ్లి మూతి ఆనించింది. అంతే, నల్లది ఎగిరి దాని చెవి పట్టుకుంది. అంత చిన్న ప్రాణి గొంతులోంచి అంత పెద్ద అరుపు వస్తుందని నాకప్పటివరకు తెలియదు.

నాయన తువ్వాలు వేసి విడదీశాడు. పేలుడుకు బెదిరి ఉంటుందిలే అన్నాడు. అవ్వ ఆ మాట ఒప్పుకోలేదు. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. అన్ని మిరపకాయలు కాలినా ఒక్కరికీ దగ్గు రాలేదు. అవ్వ మొహం పాలిపోయింది.

"ఘాటు రాలే. ఇంటికి దిష్టి తగిలింది. జోడున్నయి పగిలితే ఇల్లు గూడ పగుల్తది" అంది మెల్లగా.

పగిలిపోబోయేది ఏదో నాకు తెలుసు. అది కొట్టం గుమ్మంలో పెట్టె రూపంలో కూర్చుని ఉంది. పిల్లబుద్ధి కదా, ఒక లెక్క కట్టుకున్నాను. ఈ రెండూ కలిసిపోతే చిన్నవ్వ వెళ్లదు. కలవకపోతే వెళ్లిపోతుంది. అవ్వ మనసులోనూ అదే ఉన్నట్టుంది. మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి, "పా, ముందు గివ్వన్న కలువని" అంది. ఒక తలె నిండా గరిక, కొత్తిమీర, దోసకాయ ముక్కలు పోసి వాకిట్లో పెట్టాం. రెండింటినీ తలెకు చెరోవైపు దింపాం. నేను కళ్లు మూసుకుని ఎల్లమ్మ తల్లికి మొక్కుకున్నాను.

తెల్లది భయం భయంగా వచ్చి ఒక కాడ నోట్లో పెట్టుకుంది, నమలసాగింది. నల్లది తినలేదు. తెల్లది నమలడాన్ని కదలకుండా చూస్తూ కూర్చుంది. "సూస్తున్నవా, నిమ్మళమైంది" అంది అవ్వ. అంతలోనే టకటకమంది. తలె ఎగిరిపడింది. ఆకుకూరల్లో రెండూ ఒక్క ముద్దయి దొర్లాయి. అవ్వ చెయ్యి పెట్టింది. నల్లది ఆమె వేలిని కూడా వదల్లేదు. తలెలో, గరిక మీద, అవ్వ చీర మీద రక్తం. తెల్లదాని చెవి చీలిపోయింది.

అందరం తెల్లదాని చుట్టూ చేరాం. పసుపు అద్దాం, అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఊపింది. నల్లదాన్ని మాత్రం కొట్టంలో పడేసి కోళ్ల గంప కమ్మేశారు. "పిచ్చి లేశింది దానికి. సచ్చినా మంచిదే" అంది అమ్మ. కొట్టంలో చిన్నవ్వ మంచానికి రెండడుగుల దూరంలో ఆ గంప.

మర్నాడు గడ్డి వేయడానికి వెళితే, చిన్నవ్వ గంప పక్కనే నేల మీద కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దానితో మాట్లాడుతోంది. "నిన్ను గూడ ఎల్లగొట్టిర్రా?" అంటోంది. నన్ను చూసి ఎప్పటిలా కసురుకోలేదు. దూరంగా కూర్చోమని సైగ చేసింది. ఆమె బుగ్గలు ఎప్పుడు అంత లోపలికి పోయాయో నేను అప్పుడే చూశాను.

"దీన్ని సూడు బిడ్డా. గడ్డి నోట్లె వెట్టుకుంటది, కిందేస్తది. మల్ల వెట్టుకుంటది, మల్ల కిందేస్తది. మూతి, గదవ అంత తడి తడి. దీనికి ఆకలి కాక గాదు. ఆకలైతది, తిననీకె రాదు. గది ఎట్లుంటదో మీకు తెల్వది."

"మరి తెల్లదాన్ని ఎందుకు కరిచింది చిన్నవ్వా?"

ఆమె గంప పక్కన రాలిన గడ్డిని ఏరి పక్కన పెట్టింది. "నాయినకు చెప్పు. దవాఖానకు తీస్కపొమ్మని చెప్పు. ఇయ్యాల్నే పొమ్మను. ఆలస్యం చేస్తే దక్కది" అంది.

నాయన స్కూటర్ మీద, అట్టపెట్టెలో నల్లదాన్ని పెట్టుకుని మాదాపూర్ వెళ్లాం. హాస్టళ్ల బోర్డుల మధ్య ఒక జంతువుల క్లినిక్. రిబ్బన్లు కట్టిన కుక్కలన్నీ మా అట్టపెట్టెను వింతగా చూశాయి. డాక్టరుగారిది కోస్తా మాట. జరిగిందంతా చెబుతూ నాయన, "రెండోదానికి చెవి చిరిగింది సార్, దానికేమన్న మందిస్తరా?" అన్నాడు.

"ఇస్తానండి. కానీ ముందు దీని సంగతి చూడాలి. అన్యోన్యంగా ఉన్న జత ఉన్నట్టుండి కొట్టుకుంటే, కారణాలు చాలా ఉంటాయి. నేనైతే ముందు కరిచినదాన్నే చూస్తానండి. నొప్పి ఉన్న జంతువు ఎవర్నీ దగ్గరికి రానివ్వదు" అంటూ దాని దవడలు పట్టుకుని చిన్న లైటు వేశారు. "ఇటు రా అమ్మా, నువ్వూ చూడు."

లోపలి దంతాలు రెండు వైపులా వంకరగా పెరిగి నాలుకను గుచ్చుతున్నాయి. నాలుక అంచంతా పుండు.

"ఎన్నాళ్ల నుంచో ఇది సరిగా తినడం లేదు. ఆకలితో ఉన్నదాని ముందు రెండోదానికి విందు పెట్టారు. కరవదూ మరి?" అన్నారు. మత్తిచ్చి దంతాలు అరగదీశారు. ఇప్పుడప్పుడే కలపొద్దని, మధ్యలో ఇనుప జాలీ పెట్టి పక్కపక్కనే ఉంచమని, గిన్నెలు మాత్రం వేరువేరుగా పెట్టమని చెప్పారు.

ఇంటికొచ్చేసరికి పొద్దు గూకుతోంది. అవ్వ వేలికి గుడ్డ కట్టుకుని, చేటలో చింతచిగురు ఏరుతోంది. నాయన చాయ్ తాగుతూ అంతా చెప్పాడు. కరిచినదాని నోరు చూడాలట, నొప్పి ఉన్నదే దగ్గరికి రానివ్వదట అని. "నోట్లె పుండట! పాపం, మనం దాన్నే తిట్టినం" అని అమ్మ నొచ్చుకుంది. చిగురు ఏరుతున్న అవ్వ చేతులు ఆగిపోయాయి. చేట పక్కన పెట్టి లేచింది. కొట్టం వైపు నడిచింది. నేను వెనకాలే పోయాను.

చిన్నవ్వ మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది.

"లేచి కూసో. నోరు తెరువు" అంది అవ్వ.

"ఏమొచ్చింది నీకు? పో అవతలికి!"

"తెరువంటున్న."

"దగ్గరికి రాకు! నీ మొకం నాకు సూపెట్టకు!" చిన్నవ్వ రెండు చేతులతో తోసింది. అవ్వ వెనక్కి పడబోయి మంచం కోడు పట్టుకుని నిలబడింది. మళ్లీ వెళ్లింది. ఈసారి మంచం మీద కూర్చుని, ఆమె రెండు బుగ్గలూ అరచేతుల మధ్య పట్టుకుంది. చిన్నవ్వ పెనుగులాడింది. ఆ పెనుగులాటలో నోటి మీది కొంగు జారింది.

అప్పుడు తెలిసింది. నాకు ఎంతో ఇష్టమైన ఆ లవంగం వాసన వెనక ఇంకొక వాసన దాగి ఉందని. గుమ్మం దగ్గర నిలబడ్డ నాదాకా వచ్చింది. చిన్నవ్వ ఇక పెనుగులాడలేదు. కళ్లు మూసుకుని నోరు తెరిచింది, పూర్తిగా తెరవలేకపోయింది. తంబాకు పెట్టుకునే వైపు దవడ లోపల అవ్వ ఏం చూసిందో నేను చూడలేదు. అవ్వ మొహం మాత్రం చూశాను.

"ఎన్నాళ్లసంది?" అంది అవ్వ. "నాకెందుకు చెప్పలేదే? నేను సచ్చిన్నా?"

"చెప్తే ఏం జేస్తవక్కా? నేను తినలేక అన్నం ముంగట కూసుంటే నువ్వు గూడ తినకపోదువు." చిన్నవ్వకు మాట ముద్దముద్దగా వస్తోంది. "వాసనొస్తుంది. నాకే తెలుస్తుంది. నీ పక్కన పండుకుంటే నీకు తెల్వదా? నువ్వు మొకం తిప్పుకుంటే నేనెట్ల బతకాలె? గందుకే కొట్లాడిన. కొట్లాడకుంటే నువ్వు దూరముంటవా?"

అవ్వ ఆమె మొహాన్ని అలాగే తన మెడలోకి లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. పిచ్చి పట్టిందన్నాం, దిష్టి అన్నాం, ఊరు వాటా కోసమంది. ఆ మనిషి అంతకాలం చేసింది ఒక్కటే, తన పుండును మా అన్నాలకు దూరంగా పెట్టుకోవడం.

పెద్ద దవాఖానలో దవడ కొంత కోసేశారు. ముదిరాక తెచ్చారని అక్కడి డాక్టర్లు నాయనను కోప్పడ్డారు. చిన్నవ్వ శంకర్‌పల్లికి పోలేదు. అవ్వే తన మంచాన్ని కొట్టంలోకి మార్చుకుంది. మాట పోయింది కాబట్టి చిన్నవ్వ ఇక కసురుకోలేకపోయేది, కళ్లతోనే పొమ్మనేది. అవ్వ పోయేది కాదు. గొట్టంలోంచి అంబలి పోసేది, గుడ్డతో మూతి తుడిచేది. ఒక్కసారైనా ముక్కు దగ్గరికి కొంగు తీసుకుపోవడం నేను చూడలేదు. జాలీకి అటూ ఇటూ నల్లదీ తెల్లదీ తమ తమ గిన్నెల్లో తింటూ, రాత్రి మాత్రం ఆ జాలీకే వీపులానించి పడుకునేవి. వాటిని మళ్లీ ఒక్కచోట వదిలే ధైర్యం మాకెవరికీ రాలేదు.

వానలు తగ్గే వేళకు చిన్నవ్వ పోయింది. ఇప్పుడు ఆ ఇల్లు లేదు, బండ లేదు, వడియాల మీద వాలే కాకులు కూడా లేవు. వాటికి నేను అంతగా బాధపడను, పోయేవి పోతాయి. కానీ అంత ప్రేమ అంత కోపంగా బయటికి రాగలదని పెద్దవాళ్లెవరికీ తోచకపోయిందే అని ఇప్పటికీ కడుపు రగులుతుంది.

దినాలయ్యాక అమ్మ కొట్టం కడుగుదామని వెళ్లింది. మంచం మీది చద్దరును మూటకట్టి బకెట్‌లో వేయబోతుంటే అవ్వ పరుగున వచ్చి చేతిలోంచి లాక్కుంది.

"వాసనొస్తుందత్తా, ఉతికేస్త" అంది అమ్మ.

"ఉతకకు" అంది అవ్వ, దాన్ని గుండెకు హత్తుకుని. "ఆ వాసనన్న జర ఉండనియ్యి."